సముద్ర ప్రవాహాలను చూసుకుని ఓడ దారి వేస్తే ఇంధనం నిజంగా ఎంత మిగులుతుంది?

కోడ్_కెరటం
అందరికీ నమస్తే. తక్కువ ఇంధనంతో గమ్యం చేరే ఓడ దారిని వెతికే ప్రోగ్రామ్ ఒకటి రాస్తున్నాను. చదివింది కంప్యూటర్ సైన్స్, ఓడ మీద పనిచేసిన అనుభవం లేదు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

ఐరోపా సమాఖ్య సముద్ర సమాచార సేవ అయిన కోపర్నికస్ మెరైన్ సర్వీస్ వాళ్ళు ఉచితంగా ఇచ్చే ప్రవాహాల అంచనా తెచ్చుకున్నాను. సముద్రాన్ని 1/12 డిగ్రీ గళ్ళుగా విడగొట్టి, రాబోయే పది రోజుల దాకా ఎక్కడ నీరు ఎటు, ఎంత వేగంగా కదులుతుందో చెబుతుంది. ప్రతి గడినీ చుట్టూ ఉన్న ఎనిమిది గళ్ళకు కలిపి, పట్టే సమయాన్ని ప్రవాహంతో సరిచేసి, డైక్‌స్ట్రా పద్ధతిలో (అతి తక్కువ ఖర్చయ్యే దారిని వెతికే అల్గారిథం) దారి వెతికిస్తున్నాను. ఫ్లోరిడా జలసంధి నుంచి ఇంగ్లిష్ ఛానెల్ దాకా నడిపి చూశాను.

దారి వస్తోంది. కానీ మెలికలు మెలికలుగా వస్తోంది. మామూలు దారితో పోలిస్తే ఆదా కూడా నమ్మబుద్ధి కానంత ఎక్కువ చూపిస్తోంది. ఇలాంటి దారిని కెప్టెన్ అసలు ఒప్పుకుంటాడా? ఎక్కడ మొదలుపెట్టి సరిచూసుకోవాలో చెప్పండి.

లాంబ్డా
ముందు గళ్ళ సంగతి చూడండి. ఎనిమిది దిక్కులే ఉంటే మీ ఓడ 45 డిగ్రీల చొప్పున మాత్రమే తిరగగలదు. అసలు దిక్కు వాటి మధ్యలో పడితే దారి మెట్లు మెట్లుగా వచ్చి, నిజం దూరం కంటే 8 శాతం దాకా ఎక్కువ తేలుతుంది. ఖచ్చితంగా చెప్పాలంటే 22.5 డిగ్రీల దగ్గర 8.2 శాతం. మామూలు దారినీ అదే గళ్ళ మీద కొలిచి ఉంటే, ప్రోగ్రామ్ చూపించే ఆదాలో ఎంత ప్రవాహానిదో ఎంత గళ్ళదో విడదీయలేం. మీరు పట్టుకోవాలనుకుంటున్న లాభం కంటే కొలబద్దలోని తేడానే పెద్దదిగా ఉంది.

16 దిక్కులు పెడితే ఆ తేడా 2.7 శాతానికి దిగుతుంది. 32 పెడితే ఇంకా తగ్గుతుంది. అంతకంటే మంచి పని, గళ్ళ మీద వచ్చిన దారిని మొదటి అంచనాగా మాత్రమే తీసుకుని, దాని వేపాయింట్లను (దారి మలుపు తిరిగే బిందువులను) అటూ ఇటూ కొద్దికొద్దిగా జరుపుతూ నునుపు చేయడం. పోలికకు వాడే మామూలు దారిని మాత్రం గళ్ళతో సంబంధం లేకుండా గోళం మీద నేరుగా లెక్క కట్టండి.

ఇంకొకటి. రెండు దారులకూ చేరే సమయం ఒకటే ఉండాలి. ఒకటి ఆరు గంటలు ముందు చేరి, ఇంకోటి ఆలస్యంగా చేరితే ఇంధనాలను పోల్చడంలో అర్థం లేదు.

రెండో_మేట్
మా ఓడల్లో దారి ప్లాన్ వేసే పని సెకండ్ మేట్‌దే, అంటే నాదే. ప్రవాహం చూసుకోవడం మాకు కొత్త కాదు. ఫ్లోరిడా జలసంధిలో ఏ ఓడైనా చేసేది ఒకటే: ఉత్తరానికి వెళ్ళేటప్పుడు గల్ఫ్ స్ట్రీమ్ (అమెరికా తూర్పు తీరం వెంట ఉత్తరానికి పోయే వెచ్చని ప్రవాహం) నడిమధ్యన, దక్షిణానికి దిగేటప్పుడు ప్రవాహానికీ ఒడ్డుకూ మధ్య ఉన్న సన్నటి సందులో. నడిమధ్యన 3, 4 నాట్లు (నాటు అంటే గంటకు ఒక నాటికల్ మైలు) మామూలు, ఒక్కోసారి 5 దగ్గరికి వస్తుంది. 12 నాట్ల ఓడకు అది చిన్న విషయం కాదు.

ఆ సందులో దిగడం అంత తేలిక కాదు. పక్కనే పగడపు దిబ్బలు. 1989 చివర్లో వారాల తేడాతో మూడు పెద్ద ఓడలు అక్కడ నేలకెక్కాయి. ఆ తర్వాత 1990లో అక్కడ పెద్ద ఓడలు రాకూడని ప్రాంతాలు గీశారు. మీ ప్రోగ్రామ్‌కు ఇవన్నీ తెలియాలి. లోతు, నిషిద్ధ ప్రాంతాలు, ట్రాఫిక్ సెపరేషన్ స్కీములు (ఎదురెదురుగా పోయే ఓడలకు వేరువేరుగా గీసిన దారులు) ముందు వేసి, ఆ తర్వాతే ప్రవాహం.

కెప్టెన్ ఒప్పుకుంటాడా అన్నారు. ఇరవై వేపాయింట్లు ఇస్తే ఒప్పుకుంటారు. రెండు వందలు ఇస్తే చార్ట్ మీద ఒక్కో ముక్కా పరీక్షించడానికే రాత్రి వాచ్ (వంతుల వారీ డ్యూటీ) సరిపోదు. దారి ఎంత గొప్పదైనా పక్కన పెట్టేస్తారు.

ఉప్పుగాలి
ఫాలో అవుతున్నాను. ఇదే లెక్క చేపల పడవలకూ పనికొస్తుందా?

పాత_దిక్సూచి
పనికొస్తుంది. నిజానికి ఈ విద్యలో తిమింగలాల వేటగాళ్ళ పాత్ర పెద్దది. ఇంగ్లండ్ నుంచి న్యూయార్క్ వచ్చే టపా ఓడలు, రోడ్ ఐలండ్ వెళ్ళే సరుకు ఓడల కంటే రెండు వారాలు ఎక్కువ తీసుకుంటున్నాయని 1768 ప్రాంతంలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ దృష్టికి వచ్చింది. తపాలా శాఖ చూసేవాడు కాబట్టి కారణం వెతికాడు. అతని బంధువు తిమోతీ ఫోల్గర్ తిమింగలాల వేట ఓడ కెప్టెన్. తిమింగలాలు గల్ఫ్ స్ట్రీమ్ అంచుల్లో తిరుగుతాయి కాబట్టి ఆ ప్రవాహం ఎక్కడుందో వేటగాళ్ళకు బాగా తెలుసు. దానికి ఎదురీదవద్దని టపా ఓడల వాళ్ళకు చెప్పినా వినిపించుకునేవారు కాదట. ఫోల్గర్ గీసి ఇచ్చిన రేఖలతోనే ఫ్రాంక్లిన్ పటం అచ్చు వేయించాడు.

తర్వాత అమెరికా నౌకాదళంలో మాథ్యూ మోరీ పాత లాగ్‌బుక్కుల గుట్టలు విప్పి, ఏ నెలలో ఎక్కడ గాలి ఎలా, ప్రవాహం ఎలా అని 1847 నుంచి పటాలు వేశాడు. కెప్టెన్లకు పటం ఉచితం, బదులుగా వాళ్ళ ప్రయాణపు లాగ్ పంపాలి. ఈనాటి పైలట్ చార్టులు ఆ వరసలోవే. నేను సముద్రం మీద ఉన్నన్నాళ్ళూ వాటితోనే దారులు వేశాను, వాటి మీద నాకు గౌరవం. కానీ అవి నెలవారీ సగటులు. ఈ వారం ప్రవాహం ఎక్కడుందో అవి చెప్పలేవు. కోడ్_కెరటం గారి పనిలో అసలైన విలువ అక్కడుంది.

అల_లెక్క
పాత_దిక్సూచి గారు చెప్పిన సగటు సంగతి మీద కొంచెం వివరంగా రాస్తాను. నేను సముద్ర శాస్త్రంలో ప్రవాహాల మీదే పనిచేస్తున్నాను.

గల్ఫ్ స్ట్రీమ్ అమెరికా తూర్పు తీరంలోని కేప్ హాటెరాస్ దాకా ఖండపు అంచును పట్టుకుని ఉంటుంది. అక్కడ దాకా సగటు పటం చాలావరకు సరిపోతుంది. హాటెరాస్ దాటి లోతు నీళ్ళలోకి వెళ్ళాక అది ఊగడం మొదలవుతుంది. మెలికలు పెద్దవై, తెగి, వలయాలుగా విడిపోతాయి. ఉత్తరాన విడిపోయినవి వెచ్చని నీటి వలయాలు, సవ్య దిశలో తిరుగుతాయి. దక్షిణాన విడిపోయినవి చల్లనివి, అపసవ్య దిశలో. ఒక్కొక్కటి వంద నుంచి మూడు వందల కిలోమీటర్ల వెడల్పు. వలయానికి ఒక పక్క 2 నాట్ల సాయం ఉంటే, అవతలి పక్క అంతే ఎదురుదెబ్బ. ఈ రెండింటినీ సగటు తీస్తే పటంలో దాదాపు సున్నా కనిపిస్తుంది.

జపాన్ పక్కన కురోషియో ప్రవాహం ఇంకో రకం. అది కొన్నేళ్ళు తీరం పక్కగా నేరుగా పోతుంది, కొన్నేళ్ళు దక్షిణానికి పెద్ద వంపు తిరుగుతుంది. 2017 ఆగస్టులో మొదలైన వంపు 2025 దాకా, ఏడేళ్ళకు పైగా, అలాగే సాగింది. ఆ కాలంలో పాత అలవాటు కొద్దీ తీరం పక్కన ప్రవాహం ఉంటుందనుకుని వెళ్ళిన ఓడకు ఏమీ దొరికేది కాదు.

మరి ఈ రోజు ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? ఉపగ్రహం రాడార్‌తో సముద్రపు ఎత్తు కొలుస్తుంది. నీటి మట్టం నిజానికి చదునుగా ఉండదు. గల్ఫ్ స్ట్రీమ్ ఇవతలి నుంచి అవతలికి దాటితే మట్టం దాదాపు ఒక మీటరు పెరుగుతుంది. ఆ వాలుకూ భూభ్రమణానికీ మధ్య సమతుల్యం నుంచి ప్రవాహ వేగం లెక్క కడతారు. 1992లో వెళ్ళిన టోపెక్స్/పొసైడన్ ఉపగ్రహం నుంచి ఈ కొలత ఆగకుండా సాగుతోంది. చిక్కేమిటంటే ఉపగ్రహం తన కింద ఉన్న గీత వెంబడి మాత్రమే కొలిచేది. టోపెక్స్ గీతల మధ్య దూరం భూమధ్యరేఖ దగ్గర 315 కిలోమీటర్లు, అదే చోటికి తిరిగి రావడానికి దాదాపు పది రోజులు. మధ్యలో ఒక వలయం మొత్తం దాక్కోవచ్చు. ఇప్పుడు చాలా ఉపగ్రహాలను కలిపి చూస్తున్నారు. 2022 డిసెంబరులో వెళ్ళిన స్వాట్ ఉపగ్రహం ఒకేసారి 120 కిలోమీటర్ల పట్టీని కొలుస్తోంది. పరిస్థితి ఎంతో మెరుగైంది. అయినా మోడల్ చూపించే వలయం అసలు చోటు నుంచి కొన్ని పదుల కిలోమీటర్లు పక్కన ఉండటం ఇప్పటికీ మామూలే.

కోడ్_కెరటం గారూ, ఒక పరీక్ష చేయండి. దారిని అలాగే ఉంచి, ప్రవాహాల మ్యాప్‌ను 30 కిలోమీటర్లు ఉత్తరానికి, తర్వాత దక్షిణానికి, తూర్పుకు, పడమటికి జరిపి ఇంధనం మళ్ళీ లెక్క కట్టండి. ఆదా నిలబడితే ఆ దారి గట్టిది. ఆదా కాస్తా నష్టంగా మారితే, మీ దారి మోడల్‌లోని చిన్న చిన్న సుడుల వెంట పడుతోందని అర్థం.

నూనెచేతులు
ఇంజన్ వైపు నుంచి నా మాట. ఓడను నీటిలో తోయడానికి కావలసిన శక్తి వేగపు ఘనం (వేగం × వేగం × వేగం) లెక్కన పెరుగుతుంది. ఇది మోటు లెక్కే, పెద్ద కంటైనర్ ఓడలు పూర్తి వేగంలో ఉన్నప్పుడు ఇంకా ఎక్కువే పెరుగుతుంది. కానీ ప్రవాహం విలువ అర్థం కావడానికి ఇది చాలు.

14 నాట్లతో పోవాల్సిన ఓడకు 1 నాటు సాయం దొరికిందనుకోండి. 15 నాట్లతో పోయి ముందే చేరడం ఒక దారి. నీటిలో వేగం 13కు తగ్గించి అదే సమయానికి చేరడం ఇంకో దారి. 13ను 14తో భాగించి ఘనం చేస్తే 0.80 వస్తుంది. అంటే ఆ దూరంలో మెయిన్ ఇంజన్ ఇంధనం 20 శాతం తగ్గింది. మొదటి దారిలో మిగిలేది 7 శాతం లోపే. ప్రవాహం ఇచ్చింది రెంటిలోనూ ఒకటే, ఇంజన్ వేగం తగ్గించామా లేదా అన్నదే తేడా. ముందే చేరి యాంకరేజ్‌లో (రేవు బయట లంగరు వేసే చోట) రోజుల తరబడి పడి ఉండే ఓడలను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. హెవీ ఫ్యూయల్ టన్ను కాలిస్తే 3.114 టన్నుల కార్బన్ డయాక్సైడ్. ఆ తొందర అంతా పొగగొట్టంలోంచి వృథాగా పోయినట్టే.

జనరేటర్లు, బాయిలర్ వేగంతో సంబంధం లేకుండా గంటల లెక్కన తాగుతాయి. చేరే సమయం మారనంతవరకు వాటి గురించి మీ లెక్కలో బెంగ అక్కర్లేదు. సమయం మారితే మాత్రం కలపాలి.

కోడ్_కెరటం
ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. 32 దిక్కులు పెట్టి, మామూలు దారిని గోళం మీద లెక్క కట్టి, చేరే సమయం ఒకటే చేసి మళ్ళీ నడిపాను. ఆదా బాగా తగ్గింది, కానీ ఉంది. అల_లెక్క గారు చెప్పిన జరుపుడు పరీక్షలో ఫ్లోరిడా నుంచి హాటెరాస్ దాకా ఆదా దాదాపు అలాగే నిలబడింది. అట్లాంటిక్ మధ్యలో మెలికల వల్ల వచ్చింది మాత్రం రెండు దిక్కుల్లో పూర్తిగా పోయింది.

అయితే ఇంకో ప్రశ్న. దారిని ప్రవాహం కోసం ఎంత దూరం వంచవచ్చు? ఏదైనా అందాజా లెక్క ఉందా?

లాంబ్డా
ఉంది. 300 మైళ్ళ ముక్క తీసుకోండి. మధ్యలో 20 మైళ్ళు పక్కకు జరిగి మళ్ళీ గీత మీదికి వస్తే అదనంగా పడే దూరం 2.7 మైళ్ళు. ఒక శాతం కూడా లేదు. అదే 60 మైళ్ళు జరిగితే 23 మైళ్ళు, అంటే 7.7 శాతం. పక్కకు మూడింతలు జరిగితే ఖర్చు తొమ్మిదింతలు. కాబట్టి చిన్న వంపులు దాదాపు ఉచితం, పెద్దవి చాలా ఖరీదు. 12 నాట్ల ఓడకు సగం నాటు సాయం అంటే 4 శాతం. ఆ ముక్క పొడవునా అది దొరికితే 20 మైళ్ళ వంపు కళ్ళు మూసుకుని తీసుకోవచ్చు, 60 మైళ్ళ వంపు తీసుకోకూడదు.

ప్రవాహాన్ని అడ్డంగా దాటేటప్పుడు ఇంకో సంగతి. 3 నాట్ల పక్క ప్రవాహాన్ని సరిదిద్దుకుంటూ గీత తప్పకుండా పోవాలంటే, 12 నాట్ల ఓడకు ముందుకు మిగిలేది 11.6 నాట్లే. గీత మీదే ఉండాలన్న పట్టుదల లేకుండా దాటేటప్పుడు కొంత కొట్టుకుపోనిచ్చి, ప్రవాహం లేని చోట ఆ తేడా సర్దుకుంటే ఈ నష్టం చాలావరకు తప్పుతుంది. ఎక్కడ ఎంత కొట్టుకుపోనివ్వాలన్నది 1931లో జెర్మెలో అనే గణితవేత్త తేల్చాడు. ప్రవాహ వేగం చోటు మారేకొద్దీ ఎలా మారుతుందో దాన్నిబట్టి ఓడ ముఖం ఎంత తిప్పాలో ఆయన సమీకరణం చెబుతుంది. మీ వేపాయింట్లను నునుపు చేసే దశలో దాన్ని వాడుకోవచ్చు.

చార్టర్_డెస్క్
లెక్కలన్నీ బాగున్నాయి. కానీ దారిని ఎవరు నిర్ణయిస్తారు, ఇంధనం బిల్లు ఎవరు కడతారు అన్నది చూడకపోతే ఈ ప్రోగ్రామ్ లాప్‌టాప్‌లోనే ఉండిపోతుంది. నేను చార్టరింగ్‌లో, అంటే ఓడలను అద్దెకు కుదిర్చే పనిలో ఉన్నాను. టైమ్ చార్టర్‌లో (ఓడను కొంత కాలానికి అద్దెకు తీసుకుంటే) ఇంధనం ఖర్చు అద్దెకు తీసుకున్నవాళ్ళది. ఓనర్ ఫలానా వేగానికి ఫలానా ఇంధనం అని మాట ఇస్తాడు. చాలా ఒప్పందాల్లో ఆ మాట మంచి వాతావరణానికీ, ఎదురు ప్రవాహం లేని రోజులకీ మాత్రమే వర్తిస్తుంది. వాయేజ్ చార్టర్‌లో (ఒక్క ప్రయాణానికి కుదుర్చుకుంటే) ఇంధనం ఓనర్‌దే, కానీ వీలైనంత త్వరగా చేరాలనే షరతు ఉంటుంది. వేగం తగ్గించి ఆదా చేస్తే ఆలస్యం చేశారని క్లెయిమ్ వస్తుందన్న భయం. రేవు ఖాళీ లేదని ముందే తెలిసినప్పుడు ఇరుపక్షాలూ ఒప్పుకుని చేరే సమయం వెనక్కి జరుపుకునే పద్ధతి ఉంది, వర్చువల్ అరైవల్ అంటారు. నూనెచేతులు గారు చెప్పిన 20 శాతం దక్కేది అలా ఒప్పుకున్నప్పుడే.

ఇంకో రెండు విషయాలు మీ లెక్కలో పెట్టండి. అమెరికా తీరం నుంచి 200 మైళ్ళ దాకా ఉద్గార నియంత్రణ ప్రాంతం. స్క్రబ్బర్ (పొగలోని గంధకాన్ని కడిగే యంత్రం) లేని ఓడ అక్కడ 0.10 శాతం గంధకం ఉన్న ఇంధనమే కాల్చాలి, బయట 0.50 శాతం సరిపోతుంది. లోపల వాడేది ఖరీదు ఎక్కువ. గల్ఫ్ స్ట్రీమ్‌లోని మంచి భాగం ఆ 200 మైళ్ళ లోపలే ఉంది. టన్నులు తగ్గినా ఖర్చు తగ్గకపోవచ్చు. రెండోది, ఆ తీరంలో కొన్ని నెలలు కొన్ని చోట్ల రైట్ తిమింగలాల కోసం 10 నాట్ల పరిమితి ఉంది. అది కచ్చితంగా పాటించాల్సిన నియమం, పాటించాలి కూడా. అవి చాలా కొద్ది మాత్రమే మిగిలాయి.

సీఐఐ (ఓడ కార్బన్ తీవ్రత) రేటింగ్ గురించి ఒక మాట. 2023 నుంచి ఓడలకు ఏ నుంచి ఇ దాకా గ్రేడ్ ఇస్తున్నారు. ఓడ వదిలిన కార్బన్‌ను అది మోయగల టన్నులతో, నడిచిన మైళ్ళతో భాగిస్తారు. అంటే చుట్టుదారి వేస్తే మైళ్ళు పెరిగి గ్రేడ్ మెరుగ్గా కనబడే వీలుంది. మీ ప్రోగ్రామ్ గ్రేడ్‌ను కాకుండా మొత్తం టన్నుల ఇంధనాన్ని తగ్గించేలా రాయండి, దయచేసి.

ఉప్పుగాలి
హిందూ మహాసముద్రం గురించి ఎవరైనా చెప్పండి. ఇక్కడ ప్రవాహాలు రుతువుతో దిశ మారతాయంటారు కదా.

అల_లెక్క
మారతాయి, పూర్తిగా తిరగబడతాయి. సోమాలియా తీరంలో నైరుతి రుతుపవనాల కాలంలో ప్రవాహం ఈశాన్యానికి పరుగెడుతుంది. ఉధృతంగా ఉన్నప్పుడు సెకనుకు 3.5 మీటర్లు, అంటే దాదాపు 7 నాట్లు కొలిచారు. ప్రపంచంలో అతి వేగమైన సముద్ర ప్రవాహాల్లో ఇదొకటి. చలికాలంలో అదే చోట నైరుతికి తిరుగుతుంది. భూమధ్యరేఖ మీద ఇంకో విశేషం ఉంది. ఏప్రిల్-మే లోనూ, అక్టోబర్-నవంబర్ లోనూ పడమటి నుంచి తూర్పుకు ఒక సన్నటి జెట్ ఏర్పడుతుంది. క్లాస్ విర్ట్‌కి 1973లో దీన్ని గుర్తించాడు. వేగం దాదాపు 2 నాట్లు. ఆ నెలల్లో తూర్పుకు పోయే ఓడకు అది వరం, పడమటికి వచ్చే ఓడ రెండు డిగ్రీలు పక్కకు జరిగితే చాలు.

భూమధ్యరేఖ దగ్గర ఉపగ్రహపు ఎత్తు కొలతతో లెక్క సరిగా కుదరదు. అక్కడ భూభ్రమణ ప్రభావం సున్నాకు చేరుతుంది కాబట్టి వాలు నుంచి వేగం తీసే సూత్రం పనిచేయదు. అక్కడ మోడల్‌నూ, 15 మీటర్ల లోతున తెరచాప కట్టుకుని కొట్టుకుపోయే బోయాలనూ నమ్ముకోవాలి. ప్రపంచమంతటా అలాంటి బోయాలు సుమారు 1,250 ఉండేలా చూస్తారు. ఆ 15 మీటర్లు ఓడ మునిగి ఉండే లోతుకు దగ్గర, అది మనకు కలిసొచ్చే విషయం. మీరు కూడా మోడల్ నుంచి పైపొర ఒక్కటే కాకుండా ఓడ మునిగినంత లోతు సగటు తీసుకోండి.

పాత_దిక్సూచి
అరేబియా సముద్రంలో జూన్, జూలై నెలల్లో ప్రవాహం ఒక్కటే చూసి దారి వేయకండి. నైరుతి అలలకు ఎదురు పోతే ప్రవాహం ఇచ్చింది అల తినేస్తుంది.

అంతకంటే ముఖ్యంగా అగుల్హాస్ ప్రవాహం గురించి చెప్పాలి. 2023 చివర్లో ఎర్ర సముద్రంలో దాడుల వల్ల ఎన్నో ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి పోవడం మొదలుపెట్టాయి, కాబట్టి ఇది అందరికీ పనికొచ్చే విషయం. దక్షిణాఫ్రికా తూర్పు తీరంలో ఈ ప్రవాహం నైరుతికి 4, 5 నాట్లతో పోతుంది. అన్నిటికంటే బలమైన భాగం 200 మీటర్ల లోతు గీతకు కాస్త బయట. కేప్ ఆఫ్ గుడ్ హోప్ వైపు పోయే ఓడకు అక్కడ రోజుకు వంద మైళ్ళ దాకా ఊరికే కలిసొస్తాయి. ప్రోగ్రామ్ ఏదైనా సరే ఓడను అక్కడే పెడుతుంది.

చలిగాలుల ఫ్రంట్ దాటి నైరుతి నుంచి గాలి తిరగబడితే అదే చోటు ప్రాణాంతకం. దక్షిణ సముద్రం నుంచి వచ్చే పొడవాటి అలలు ఈ ప్రవాహానికి ఎదురుగా వచ్చి, కురచబడి, నిటారుగా లేస్తాయి. అల ముందు లోతైన గొయ్యి. ఓడ ముక్కు అందులోకి దిగి, పైకి లేవకముందే తర్వాతి అల మీద పడుతుంది. 1968 జూన్‌లో వరల్డ్ గ్లోరీ అనే ట్యాంకర్ ఆ తీరంలోనే రెండు ముక్కలైంది. నేను ఆ తీరం వెంట పోయిన రోజుల్లో బారోమీటర్ పడిపోయి, ఈశాన్య గాలి ఆగి, నైరుతి మొదలవుతోందంటే ఆలోచించకుండా 200 మీటర్ల గీత లోపలికి, తీరం వైపుకు జరిగేవాళ్ళం. సాయం పోతుంది, పోనీ. ప్రవాహం తగ్గిన చోట అల కూడా మామూలుగా మారిపోతుంది.

కాబట్టి బాబూ కోడ్_కెరటం, నీ ప్రోగ్రామ్‌లో అల దిశ, ప్రవాహ దిశ ఎదురెదురుగా ఉంటే ఆ గడిని ఖర్చు పెంచి వదిలేయడం కాదు, ఒక ఎత్తు దాటాక మూసేయాలి. ఇంధనం ఎంత మిగిలినా ఆ గడిలోకి దారి వెళ్ళకూడదు.

అల_లెక్క
పాత_దిక్సూచి గారి మాటకు చిన్న చేర్పు. అగుల్హాస్ మామూలుగా చాలా నిలకడైన ప్రవాహమే, కానీ ఏడాదికి ఒకటి రెండుసార్లు నేటాల్ పల్స్ అనే పెద్ద వంపు పుట్టి తీరం వెంబడి కిందికి జరుగుతుంది. అది దాటే రోజుల్లో ప్రవాహపు నడుము వంద, రెండు వందల కిలోమీటర్లు బయటికి పోతుంది, తీరం పక్కన నీరు ఎదురు తిరగవచ్చు. ఉపగ్రహం తీసిన ఉష్ణోగ్రత చిత్రంలో ఇది స్పష్టంగా కనబడుతుంది. ఆ తీరానికి బయలుదేరే ముందు ఒక్కసారి చూడండి.

లాంబ్డా
వేగం ఎలా పంచాలో ఎవరూ అడగలేదు కానీ, దారి ఎంత ముఖ్యమో ఇదీ అంతే ముఖ్యం. దారి తేలాక సాయం ఉన్న చోట, ఎదురు ఉన్న చోట ఇంజన్ ఎలా నడపాలి?

2,000 మైళ్ళ దారి అనుకోండి. మొదటి వెయ్యిలో 2 నాట్ల సాయం, రెండో వెయ్యిలో 2 నాట్ల ఎదురు. మూడు పద్ధతులు చూద్దాం, మూడింటిలోనూ చేరే సమయం సుమారు 171.4 గంటలే. నీటిలో వేగం అంతటా 12 నాట్లు పెట్టడం ఒకటి. నేలపై వేగం అంతటా ఒకటే ఉండేలా, సాయంలో 9.67, ఎదురులో 13.67 పెట్టడం రెండోది. ఘన సూత్రంతో లెక్క కడితే ఈ రెండింటికీ ఇంధనం దాదాపు సమానం. మూడోది వీటికి మధ్య దారి: సాయంలో 10.75, ఎదురులో 12.76. దీనికి ఇంధనం దాదాపు 2 శాతం తక్కువ.

సూత్రం గుర్తుపెట్టుకోవడం తేలిక. ప్రవాహం ఎంత ఉందో అందులో సగం మేరకు సర్దాలి. 2 నాట్ల ఎదురుంటే ఇంజన్ వేగం సుమారు 1 నాటు పెంచు, 2 నాట్ల సాయం ఉంటే 1 తగ్గించు. ఘన నియమాన్ని అవకలనం చేస్తే ఈ సగం నేరుగా వస్తుంది, ఎవరైనా కాగితం మీద చేసి చూసుకోవచ్చు.

నూనెచేతులు
ఈ సగం సూత్రం నాకు చాలా నచ్చింది. కొన్ని ఓడల్లో ఆటోమేటిక్‌గా నేలపై వేగాన్ని పట్టి ఉంచే సెట్టింగ్ వాడతారు. ఎదురు ప్రవాహం రాగానే ఇంజన్ మీద లోడ్ ఎగబాకుతుంది. ఎందుకు ఎక్కువ తాగుతుందో లెక్కతో చూపించడానికి ఇప్పుడు చేతిలో ఒకటి ఉంది. అయితే ప్రతి ఇంజన్‌కూ కొన్ని నిషిద్ధ ఆర్‌పీఎమ్‌లు ఉంటాయి, కంపనాల వల్ల. 10.75 నాట్లకు కావలసిన ఆర్‌పీఎమ్ (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) ఆ పట్టీలో పడితే కాస్త పైనో కిందో పెట్టుకోవాలి. బాగా తక్కువ లోడ్‌లో కిలోవాట్‌కు తాగేది పెరుగుతుంది కూడా. ఆ వక్రరేఖ ఇంజన్ టెస్ట్ రిపోర్ట్‌లో దొరుకుతుంది, ప్రోగ్రామ్‌లో పెట్టుకోండి.

రెండో_మేట్
ప్రవాహం అంచనా నిజమైందో కాదో ఓడ మీదే చూసుకోవచ్చు. దీన్ని మీ ప్రోగ్రామ్‌కు తిరిగి అందిస్తే చాలా బలం వస్తుంది.

జీపీఎస్ నేలపై వేగం చెబుతుంది. డాప్లర్ లాగ్ నీటిలో వేగం చెబుతుంది. రెండింటి తేడా ప్రవాహం. కానీ లాగ్ సెన్సార్ మీద నాచు పట్టినా, కాలిబ్రేషన్ పాతదైనా అర నాటు తేడా చూపిస్తుంది, అది మనం వెతికే ప్రవాహమంత. అందుకే నేను ఇంకో రెండు చూస్తాను. ఒకటి నూన్ రిపోర్ట్‌లో (రోజూ మధ్యాహ్నం ఓడ పంపే నివేదికలో) స్లిప్. ప్రొపెల్లర్ తిరిగిన లెక్క ప్రకారం ఓడ ఎంత దూరం పోవాలో, నిజంగా ఎంత పోయిందో తేడా. మామూలుగా అది ప్లస్. వెనక నుంచి మంచి ప్రవాహం తోస్తుంటే మైనస్‌లోకి వెళ్తుంది. నూన్ రిపోర్ట్‌లో స్లిప్ మైనస్ 6 అని రాస్తుంటే, ఆ రోజు దారి సరిగ్గా పడిందని అర్థం.

రెండోది సముద్రపు నీటి ఉష్ణోగ్రత. ఇంజన్ రూమ్‌లో నీరు లోపలికి వచ్చే పైపు మీద థర్మామీటర్ ఉంటుంది. చలికాలంలో హాటెరాస్ దగ్గర చల్లని నీటి నుంచి గల్ఫ్ స్ట్రీమ్‌లోకి అడుగు పెడితే ఒక్క వాచ్‌లోనే 10 డిగ్రీలు దాకా ఎగబాకుతుంది. ఇంజన్ రూమ్‌కు ఫోన్ చేసి అడిగితే చాలు, అంచు ఎక్కడ దాటామో తెలిసిపోతుంది. మోడల్ చూపిన అంచు కంటే పదిహేను మైళ్ళు ఇవతలే ఉష్ణోగ్రత పెరిగిందంటే, దారి అప్పటికప్పుడు అంత జరుపుకోవచ్చు.

కోడ్_కెరటం
దీన్ని తప్పకుండా పెడతాను. రోజుకోసారి కొత్త అంచనా దించుకుని, ఓడ ఉన్న చోటు నుంచి మిగిలిన దారిని మళ్ళీ లెక్క కట్టేలా మారుస్తున్నాను. జరుపుడు పరీక్షలో నిలబడని వంపులను వదిలేస్తే వేపాయింట్లు కూడా ఇరవై లోపుకు వచ్చాయి. అల ఎత్తును బట్టి గడిని మూసేసే పని మొదలైంది.

చివరగా ఒకటి. ఇంగ్లిష్ ఛానెల్ దగ్గర నా లెక్క ఎందుకో ప్రవాహమే లేనట్టు చూపిస్తోంది.

రెండో_మేట్
మీరు వాడుతున్నది రోజువారీ సగటు అయి ఉంటుంది. అక్కడ ప్రవాహమంతా ఆటుపోట్లదే. సుమారు ఆరు గంటలకోసారి దిశ మారుతుంది, రోజు సగటు తీస్తే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. పౌర్ణమి, అమావాస్యల పెద్ద పోటుకు డోవర్ జలసంధిలో 3 నాట్లు దాటుతుంది. చివరి రోజు ఇంజన్ వేగం కాస్త సర్ది, పోటు మన వెనక ఉన్నప్పుడు జలసంధిలోకి అడుగుపెట్టేలా చూసుకుంటాం.

అల_లెక్క
కోపర్నికస్‌లోనే ఆటుపోట్లు, అలల వల్ల కలిగే కదలిక కలిపిన గంటవారీ డేటా వేరేగా ఉంది. తీరానికి రెండు వందల మైళ్ళ లోపల దాన్ని వాడండి, బయట ఇప్పుడున్నదే చాలు. అయితే అది పైపొర ప్రవాహం, ఓడ మునిగిన లోతు సగటు కాదు. రెండింటినీ కలిపే చోట వేగాల్లో చిన్న గెంతు కనబడుతుంది. అక్కడ పది, ఇరవై మైళ్ళ దూరంలో ఒకదాని నుంచి ఇంకోదానికి మెల్లగా మారేలా రాసుకోండి.